ఓపెన్ సీట్లంటే ఓసీ వాళ్ల కోటానా? ఇంట్లో గొడవైంది, లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

ఖమ్మం_బాబాయ్:

మా అన్న కొడుక్కి ఎంసెట్లో (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, నాకు నోరు తిరగదు) 14 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీలో సీఎస్ఈ కావాలన్నాడు, రాలేదు, ఈసీఈ ఇచ్చారు. వాడితోపాటు ఒకే హాస్టల్లో ఇంటర్ చదివిన ఇంకో పిల్లాడికి 31 వేలు దాటిన ర్యాంకు, ఎస్సీ, అదే కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. మావాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం అందరం అన్నావాళ్ల ఇంట్లోనే ఉన్నాం. మా బావ మొదలెట్టాడు: "సగం సీట్లు వాళ్లకే ఇచ్చారు, మిగిలిన సగం మనదనుకుంటే అందులోకీ వస్తారు. అంబేద్కర్ పదేళ్లే అన్నాడు, 75 ఏళ్లు అయింది. ఇలా సీట్లిస్తే బ్రిడ్జీలు కూలవా?" అందరూ తలూపారు, నేను కూడా ఊపానేమో గుర్తులేదు. సరిగ్గా అప్పుడే ఆ పిల్లాడు స్వీట్ బాక్స్ పట్టుకొని వచ్చాడు. గుమ్మం దగ్గరే కొంత విన్నట్టున్నాడు. బాక్స్ టీవీ పక్కన పెట్టి, "తర్వాత వస్తాలే రా" అని మావాడితో చెప్పి వెళ్లిపోయాడు. కూర్చోమని ఒక్కళ్లం అనలేదు. నాకు అప్పటినుంచి అదొక్కటే మెదులుతోంది.

ఎవరినీ తిట్టడానికి పెట్టిన పోస్టు కాదు. మా బావ చెప్పిన వాటిలో ఏది నిజం, ఏది కాదు? మావాడి సీటు నిజంగా ఎక్కడికి పోయింది?

హెల్ప్‌లైన్_మాస్టారు:

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, చాలా ఏళ్లు కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. మీ బావగారి మాట ప్రతి ఏడాదీ కనీసం పదిమంది తండ్రుల నోట విన్నాను.

ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్. అది ఒక కులం పేరు కాదు, కులాల గుంపు కూడా కాదు. మన దగ్గర వాడగా వాడగా అది కులం పేరు అయిపోయింది, అప్లికేషన్‌లో "మీ కులం?" అన్నచోట "ఓసీ" అని రాసేవాళ్లని వందలమందిని చూశాను. ఓపెన్ సీటు అంటే ర్యాంకు ఉన్న ఎవరైనా తీసుకోవచ్చు. ఎస్సీ పిల్లాడు ఓపెన్ కటాఫ్ లోపల ఉంటే అతని సీటు ఓపెన్‌లోనే లెక్క, ఎస్సీ కోటాలో తగ్గదు. "మన సగంలోకి వస్తారు" అనడంలోనే తప్పుంది, ఆ సగం ఎవరికీ రాసివ్వలేదు.

ఇక మీవాడి సీటు సంగతి. ప్రైవేటు కాలేజీలో ఒక సెక్షన్ 60 సీట్లు అనుకోండి. అందులో 30 శాతం, అంటే 18, మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ చేతిలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, మిగిలేవి 42. తెలంగాణలో ఎస్సీ 15 శాతం, ఎస్టీ 10, బీసీలు అందరూ కలిపి 29. ఉజ్జాయింపుగా ఎస్సీలకి 6, ఎస్టీలకి 4, బీసీలకి 12 పోతే ఓపెన్‌కి 20 ఉంటాయి (ప్రతి వర్గంలోనూ మూడోవంతు ఆడపిల్లలకి, అది వేరే లెక్క). ఈడబ్ల్యూఎస్ సీట్లు (ఏ రిజర్వేషనూ లేని కులాల్లో పేదలకి ఇచ్చేవి) ఇందులోంచి తీయరు, పైన కలుపుతారు.

ఇప్పుడు చూడండి. 6 సీట్ల మీద మీ ఇంట్లో అంత గొడవ జరిగింది. 18 సీట్ల గురించి ఒక్కరన్నా మాట్లాడారా? ఆ 18లో కూర్చునే పిల్లల ర్యాంకులు లక్ష దాటినవి కూడా నా చేతులమీదుగా చూశాను. వాళ్ల నాన్న దగ్గర డబ్బుంది కాబట్టి వాళ్లకి మెరిట్ ప్రశ్న రాదు. మీవాడి సీటు పోయిందంటే మొదట వెతకాల్సింది అక్కడ.

బ్రిడ్జీల మాటకొస్తే, రిజర్వేషన్ సీటుకే, పాస్ మార్కులకి కాదు. యూనివర్సిటీ పేపరు అందరికీ ఒకటే, దిద్దేవాడికి కులం కనపడదు.

ఎంవన్_బాధితుడు:

నేను ఆ స్వీట్ బాక్స్ పిల్లాడిలాంటివాడినే, పదేళ్ల కిందట. కాబట్టి బాబాయ్, ముందు ఒకటి చెప్తా, అతను విన్నాడు. మొత్తం విన్నాడు. మాకు గుమ్మం బయటనుంచే వినపడే చెవులుంటాయి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ ఎలాగో గట్టెక్కాను. సీటు రిజర్వుడు కేటగిరీలోనే వచ్చింది, దాచేదేం లేదు. మొదటి ఏడాది ఎం-వన్ (లెక్కల పేపరు) పోయింది, మళ్లీ రాస్తే మళ్లీ పోయింది, మూడోసారి 40 దాటాను. "చూశారా, అందుకే చెప్పింది" అంటారు కదా. మా సెక్షన్లో ఎం-వన్ పోయినవాళ్లు ఇరవైమందికి పైనే, అందులో మేనేజ్‌మెంట్ కోటా వాళ్లు, ఓపెన్ వాళ్లు అందరూ ఉన్నారు. కానీ వాళ్లు పోతే "చదవలేదు" అన్నారు, నేను పోతే "వాళ్లంతే" అన్నారు. తేడా అక్కడుంది. మూడో ఏడాది నుంచి నాకు ఒక్క బ్యాక్‌లాగ్ లేదు, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి, ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదని మా కాలేజీ (పేరు వద్దు) నా సర్టిఫికెట్లు ఏడు నెలలు ఆపింది. ఒక జాబ్ ఆఫర్ అందుకే పోయింది. రిజర్వేషన్ తలుపు తీస్తుంది, నిజమే, తర్వాత లోపల నడవాల్సింది మనమే, జేబులో ఏం లేకుండా.

ఇప్పుడు ఐటీలో ఉన్నాను. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు, ఫారంలో కులం కాలమే ఉండదు, కాబట్టి అంతా మెరిట్ అనుకుంటారు. మా టీంలో పద్నాలుగు మందిమి, తొమ్మిదిమంది రిఫరల్ మీద వచ్చారు. ఎవరు ఎవరిని రిఫర్ చేస్తారు? బావమరిదిని, పిన్ని కొడుకుని, ఊరివాడిని, హాస్టల్ రూమ్మేట్‌ని. తప్పని అనను, నాకూ ఉంటే నేనూ చేస్తా. మా ఇంట్లో ఐటీలో ఉన్నది నేనొక్కణ్ణే, నన్ను ఎవరు రిఫర్ చేస్తారు? చేరిన మొదటి వారం లంచ్‌లో ఒకాయన చాలా ఆప్యాయంగా "మీ ఇంటిపేరేంటి?" అన్నాడు. చెప్పాను. అర్థం కాలేదు. "మీది ఊళ్లో ఏ వైపు?" అన్నాడు. చెప్పాను. అప్పుడు అర్థమైంది, మాట తగ్గింది. అది ఏ కోటా కింద రాసుకోవాలో మాస్టారు చెప్పాలి.

అర్చకుడి_కొడుకు:

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను రాస్తా, తిట్టుకున్నా పర్లేదు.

మా నాన్న పల్లెటూరి గుడిలో అర్చకుడు. ధూపదీప నైవేద్యం కింద వచ్చే డబ్బులు, పళ్లెంలో పడే చిల్లర, అదే ఇల్లు. పొలం లేదు. మేనేజ్‌మెంట్ కోటా మా తాతల కాలంలోనూ మాది కాదు, నాకు రిఫరల్ ఇచ్చే బావమరిదీ లేడు. నేను డిగ్రీ చదివేనాటికి ఈడబ్ల్యూఎస్ లేదు, 2019లో 103వ సవరణతో వచ్చింది, అప్పటికి నా చదువులు అయిపోయాయి. మా క్లాసులో డిప్యూటీ కలెక్టర్ గారి అబ్బాయి కేటగిరీ సీటులో బైక్ మీద వచ్చేవాడు, నేను ఫీజు కట్టడానికి మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాను. నాకు కోపం రాకూడదా? నా ముందు తరాలు ఎవరినో గుడిలోకి రానివ్వలేదంటే దాని బిల్లు నాకొక్కడికే వచ్చినట్టు అనిపించేది.

రిజర్వేషన్ తీసెయ్యమని అనట్లేదు. కలెక్టర్ కొడుకునీ కూలి కొడుకునీ ఒకే వరుసలో ఎందుకు నిలబెడుతున్నారనే నా ప్రశ్న.

ఎంవన్_బాధితుడు:

అన్నా, కోపం రావాలి, న్యాయమే. గాజుల మాట చదివి మా అమ్మ గుర్తొచ్చింది, మాకైతే తాకట్టు పెట్టడానికి గాజులు కూడా లేవు, వడ్డీకి తెచ్చింది. కానీ ఒకటి. మీ నాన్నగారు పేద, అయినా ఊరంతా "పంతులుగారూ" అంటుంది. మా మేనమామ హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, పింఛను వస్తుంది, పట్నంలో ఇల్లు అద్దెకి అడిగితే కులం తెలిశాక "మా చెల్లెలు దిగుతానంటోంది సార్" అన్నారు, మూడుచోట్ల. పేదరికానికి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, దీనికి ఏమిస్తారు? డిప్యూటీ కలెక్టర్ కొడుకు సంగతి నాకూ మింగుడుపడదు, అది మాలో మేమే తేల్చుకోవాల్సింది, తేల్చుకుంటున్నాం కూడా.

జీవోల_పిచ్చి:

అంబేద్కర్ పదేళ్ల ముచ్చట ఇంకా తిరుగుతూనే ఉంది, వాట్సాప్ పుణ్యం. ఆ పదేళ్లు 334వ అధికరణం, లోక్‌సభ, అసెంబ్లీల్లో రిజర్వుడు నియోజకవర్గాలకి పెట్టిన గడువు. పార్లమెంటు పదేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చింది, చివరిసారి 104వ సవరణతో 2030 జనవరి దాకా. చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకి రాజ్యాంగంలో అలాంటి గడువు ఏదీ లేదు. ఉద్యోగాలకి 16(4) మొదటినుంచీ ఉంది, చదువులకి 15(4) 1951లో చేర్చారు.

ఎందుకు చేర్చారన్నది మనకి దగ్గరి కథే. అప్పుడు కోస్తా, సీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడ కమ్యూనల్ జీవో అని ఉండేది, ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనుకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకి కలిపి 1, ముస్లింలకి 1. అందరికీ వాటా ఉందన్నమాట, ఓపెన్ అనేదే లేదు. చంపకం దొరైరాజన్ అనే ఆవిడ మెడికల్ సీటు రాదని కోర్టుకెళ్లి గెలిచింది. తమాషా ఏంటంటే ఆవిడ అసలు కాలేజీకి అప్లికేషనే పెట్టలేదు. ఆ తీర్పు వల్లే మొదటి సవరణ చేయాల్సి వచ్చింది.

50 శాతం గీత కూడా మన తెలుగాయన చేతిమీదుగానే గట్టిపడింది. 1992 నవంబరు 16న ఇందిరా సాహ్నీ కేసులో మెజారిటీ తరఫున ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మండల్ కమిషన్ చెప్పిన బీసీల 27 శాతం ఒప్పుకున్నారు, బీసీల్లో క్రీమీలేయర్‌ని, అంటే బాగా ఉన్నవాళ్లని, తీసెయ్యమన్నారు, మొత్తం సగం దాటొద్దన్నారు. 2022 నవంబరులో ఈడబ్ల్యూఎస్‌ని సుప్రీంకోర్టు 3-2తో ఒప్పుకోవడంతో ఆ సగం గీత దాటడాన్ని కోర్టే ఒప్పుకున్నట్టయింది. అప్పుడు మాత్రం "మెరిట్ చచ్చిపోయింది" అని ఎవరూ స్టేటస్ పెట్టలేదు, గమనించారా?

అర్చకుడి కొడుకు గారికి: మీ ప్రశ్నకి సగం జవాబు బీసీల క్రీమీలేయర్‌లో ఉంది, మిగతా సగం ఈడబ్ల్యూఎస్ దగ్గర తలకిందులైంది. 8 లక్షల ఆదాయం ఉన్నా పేద అన్నారు, కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో పేదల్ని అందులోకి రానివ్వలేదు. జస్టిస్ రవీంద్ర భట్, చీఫ్ జస్టిస్ లలిత్ వ్యతిరేకించింది దాన్నే.

డాలస్_తెలుగోడు:

ఇక్కడ అమెరికాలో 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో జాతిని చూసి సీటివ్వడం కుదరదని తీర్పు వచ్చిన రోజు మావాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పండగ. ఇక్కడ కోటాలు ఎప్పుడో 1978లో బక్కీ (Bakke) అనే ఆయన కేసుతోనే పోయాయి, జాతిని పది విషయాల్లో ఒకటిగా చూడటం మాత్రం మిగిలింది, అదీ ఆగింది. పూర్వవిద్యార్థుల పిల్లలకి పెద్దపీట వేయడాన్ని మాత్రం ఆ తీర్పు ముట్టుకోలేదు. మాస్టారు చెప్పిన 18 సీట్లు ఇక్కడా ఉన్నాయన్నమాట, పేరు వేరు. పండగ చేసుకున్న అంకుల్సే ఇంటర్వ్యూకి పిలవకపోతే "మన పేర్లు చూసి పక్కనపెడుతున్నారు" అంటారు.

గ్రూప్‌వన్_అక్క:

"మాలో మేమే తేల్చుకుంటున్నాం" అన్న తమ్ముడి మాట దగ్గర నేనూ ఒకటి చెప్పాలి. గ్రూప్ వన్ అంటే డిప్యూటీ కలెక్టర్ పోస్టు కాదు, అది రాస్తే మా ఇంట్లో దీపావళే. ఎస్సీ వర్గీకరణలో, అంటే ఎస్సీ కోటాని కులాల గుంపులవారీగా పంచడంలో, మొదటి గ్రూపు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది, 2000లో ఏబీసీడీ చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీలు 6-1తో వర్గీకరించుకోవచ్చు అన్నారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి తెచ్చారు. 59 కులాల్లో మావి 15, మాకు 1 శాతం. రెండో గ్రూపులో 18 కులాలకి 9, మూడో గ్రూపులో 26 కులాలకి 5.

ఒక్క శాతమే కదా అని నవ్వొచ్చు. మా కులంలో ఆ కాగితం వచ్చేదాకా కుల సర్టిఫికెట్ తీసుకోవడానికే వెళ్లలేదు చాలామంది, ఎందుకంటే తీసుకుని చేసేదేం లేదు. ఎస్సీ కోటా అంటే మాకు దూరంగా ఊళ్లో ఎవరో తింటున్న పెళ్లి భోజనం. మాల అన్నలు కొందరు "మనల్ని విడదీస్తున్నారు" అని బాధపడ్డారు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ బంతిలో ముందు కూర్చున్నవాళ్లు "అందరం కలిసే తింటున్నాం కదా" అంటే వెనక నిలబడ్డవాళ్లకి ఎలా ఉంటుంది? ఓసీ అన్నలు మాతో అనే మాట కూడా ఇదే. మనమూ అనకూడదు.

ఖమ్మం_బాబాయ్:

అందరికీ థాంక్స్. మాస్టారి 60 సీట్ల లెక్క బావకి పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మా బావ రెండో కూతురికి మూడేళ్ల కిందట ఇదే ఊళ్లో మేనేజ్‌మెంట్ సీటు కొన్నాడని నాకు లెక్క చదువుతుంటేనే గుర్తొచ్చింది, చెప్పలేదు.

నిన్న సాయంత్రం మావాణ్ణి వెంటబెట్టుకుని ఆ పిల్లాడి ఇంటికి వెళ్లాం. వాళ్ల అమ్మ కూర్చోమని కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. స్వీట్ బాగుందమ్మా అన్నాను, నిజానికి ఇంకా తెరవలేదు. పిల్లలిద్దరూ హాస్టల్ రూము కలిసి తీసుకుంటే ఖర్చు కలిసొస్తుందని వాళ్లే మాట్లాడుకున్నారు.

మాస్టారూ, ఇంకో డౌట్. ఇంటర్నల్ స్లైడింగ్‌కి (అదే కాలేజీలో బ్రాంచ్ మారడానికి) ఆప్షన్ పెడితే ఇప్పుడున్న ఈసీఈ పోతుందా?

హెల్ప్‌లైన్_మాస్టారు:

కొత్త బ్రాంచ్ వస్తే పాతది పోతుంది, రాకపోతే ఉన్నది ఉంటుంది. సీఎస్ఈ మాత్రమే పెట్టమనండి, తోచినవన్నీ పెట్టొద్దు. ఆ బాక్స్ తెరవండి ముందు, పాలకోవా అయితే పాడైపోతుంది.