అప్‌డేట్: కొత్త టీవీలో మొహాలు పాలిపోయి కనిపించడం గురించి

తిరుపతిలో మా ఇంట్లో కొత్త టీవీ పెట్టాక మొహాలు నీలంగా పాలిపోయి, సినిమాలు సీరియల్‌లా కనిపిస్తున్నాయని అడిగాను కదా. మీరు చెప్పినవి చేశాను, చాలావరకు సెట్ అయింది.

ముందు రంగుల్ని మరీ ఎక్కువ చేసి చూపించే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టాను. కలర్ టోన్ వార్మ్‌కి, అంటే కాస్త పసుపు ఛాయకి వచ్చింది. "టీవీకి కామెర్లొచ్చాయా ఏందిరా?" అంది మా అమ్మ. నాకూ అలాగే అనిపించింది గానీ, కళ్ళు అలవాటు పడ్డాక పాత మోడ్‌కి వెళ్తే అదే ఎబ్బెట్టుగా ఉంది. 6500 కెల్విన్ (తెలుపు ఏ ఛాయలో ఉందో చెప్పే కొలత) దగ్గరి తెలుపునే ప్రామాణికంగా పెట్టుకుని వీడియో తయారుచేస్తారట, అందుకే వార్మ్ సరిపోతుంది.

మోషన్ స్మూతింగ్ ఆపగానే సీరియల్ లుక్ పోయింది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో టీవీ తన సొంత ఫ్రేములు కల్పించి ఇరికించడం వల్ల వచ్చిన తంటా అది. క్రికెట్‌కి మాత్రం కొంచెం ఉంచుకున్నా, బంతి స్పష్టంగా కనిపిస్తోంది.

అసలు తేడా షార్ప్‌నెస్ తగ్గిస్తే తెలిసింది. ఎస్వీబీసీలో కల్యాణోత్సవం చూస్తుంటే స్వామివారి నగల అంచుల వెంట తెల్లటి గీతలు కనిపించేవి. ఇప్పుడు లేవు. పట్టుచీర జరీ కూడా జరీలాగే ఉంది.

మధ్యాహ్నం హాల్లోకి ఎండ పడుతుంది. అప్పుడు బ్యాక్‌లైట్ (తెర వెనకనుంచి వచ్చే వెలుగు) మాత్రమే పెంచుతున్నా, బ్రైట్‌నెస్ జోలికి పోవట్లేదు. అది పెంచితే నలుపంతా బూడిద రంగుకి తిరుగుతోంది.

ఇంకో మాట, మా టీవీలో ఒక్కో ఇన్‌పుట్‌కి సెట్టింగులు వేరు. సెట్‌టాప్ బాక్స్‌కి అన్నీ మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చింది.