కీత్‌లీ కూగర్స్ రగ్బీ మ్యాచ్‌లకు వెళ్లే మనవాళ్లు ఉన్నారా?

వాసు_లీడ్స్:
ఉద్యోగం వల్ల ఇంగ్లండ్‌లోని కీత్‌లీకి మారాం. ఇంటి దగ్గరే కూగర్స్ గ్రౌండ్ ఉంది, వెళ్దామని మావాడు ఒకటే గొడవ. కింది డివిజన్ టీమ్ కదా, ఆట బాగుంటుందా?

శ్రీధర్_యార్క్‌షైర్:
తప్పకుండా తీసుకెళ్లండి వాసు గారూ. ఇది సిక్స్ నేషన్స్ టోర్నీలో చూసే రగ్బీ యూనియన్ కాదు, రగ్బీ లీగ్. జట్టుకు 13 మంది, బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని ఆపడాన్ని టాకిల్ అంటారు, ఆరో టాకిల్‌తో బంతి అవతలివాళ్లకి పోతుంది. కబడ్డీ చూసి పెరిగినవాళ్లకి ఇట్టే పట్టుబడుతుంది. రెయిలింగ్ పక్కన నిలబడండి, టాకిల్ పడినప్పుడు ఆటగాడి ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చే చప్పుడు కూడా వినిపిస్తుంది.

పద్మజ_బ్రాడ్‌ఫర్డ్:
మా హాస్పిటల్‌కి వచ్చే పెద్దవాళ్లని కూగర్స్ గురించి అడిగితే చాలు, మాట 1995 దగ్గరే ఆగిపోతుంది. ఏం జరిగింది అప్పుడు?

శ్రీధర్_యార్క్‌షైర్:
అన్యాయం జరిగిందండీ. 1991లో క్లబ్బు పేరుకి కూగర్స్ అని తగిలించి, స్కూళ్ల చుట్టూ తిరిగి, మ్యాచ్ రోజు పాటలూ సందడీ పెట్టి ఊరిని మళ్లీ గ్రౌండ్‌కి రప్పించారు. 1995లో సెకండ్ డివిజన్ గెలిచారు, మామూలుగా అయితే పైకి వెళ్లాలి. సరిగ్గా అప్పుడే మీడియా అధిపతి మర్డాక్ డబ్బుతో సూపర్ లీగ్ అని కొత్త టాప్ డివిజన్ పెట్టారు. అదే డివిజన్‌లో వీళ్లకంటే కింద ఉన్న లండన్‌కి చోటిచ్చారు, కొత్తగా పుట్టిన పారిస్‌కీ ఇచ్చారు, గెలిచిన కీత్‌లీకి మాత్రం లేదు. పైకి వెళ్తామన్న నమ్మకంతో ఖర్చు పెట్టిన క్లబ్బు తర్వాత అప్పుల్లో పడింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కిరణ్_హడర్స్‌ఫీల్డ్:
అన్నా, 2022 కూడా చెప్పు! 90ల్లో క్లబ్బును నడిపిన మిక్ ఓనీల్ కుటుంబం 2019లో తిరిగొచ్చింది, 2022లో అప్పటి మూడో స్థాయి అయిన లీగ్ వన్‌లో 20కి 20 మ్యాచ్‌లూ గెలిచి, పై స్థాయి ఛాంపియన్‌షిప్‌కి వెళ్లారు. ఆ సీజన్‌లో నేనూ వెళ్లాను, ముక్కూమొహం తెలియని పెద్దావిడ నా భుజం పట్టుకుని ఊపేసింది. 2023లో మళ్లీ కిందికి దిగిపోయారనుకో, ఛాంపియన్‌షిప్‌లో నిలబడాలంటే జీతాలకి డబ్బుండాలి కదా.

పద్మజ_బ్రాడ్‌ఫర్డ్:
ఇప్పుడర్థమైంది వాళ్లకి ఎందుకంత బాధో. పిల్లలతో వెళ్తే ఇబ్బందేం ఉండదా?

కిరణ్_హడర్స్‌ఫీల్డ్:
ఏం ఉండదక్కా. ఇక్కడ రెండు జట్ల అభిమానులూ పక్కపక్కనే నిలబడతారు. ఎండ ఉన్నా సరే పిల్లలకి జాకెట్ మాత్రం మర్చిపోవద్దు.

వాసు_లీడ్స్:
థ్యాంక్సండీ అందరికీ. ఈ ఆదివారం వెళ్తున్నాం, వచ్చేవాళ్లు చెప్పండి, గేటు దగ్గర కలుద్దాం.