అప్‌డేట్: పెరటి నిమ్మచెట్టు ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి అన్నాను కదా

కొమ్మల చివర కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయని అడిగాను. కొందరు మెగ్నీషియం లోపమన్నారు, ఒకరు ఇనుపధాతు లోపమన్నారు. రెండో మాటే నిజమైంది.

తేడా ఇలా తేలింది. మెగ్నీషియం తగ్గితే చెట్టు ముదురు ఆకుల్లోంచి తీసి లేతవాటికి పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు, దెబ్బ చిగుళ్ల మీదే పడుతుంది. మాకు కింది ఆకులు నిక్షేపంగా ఉన్నాయి.

మట్టి పరీక్షలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 8 దాటింది. ఇల్లు కట్టినప్పటి సిమెంటు, సున్నం పెళ్లలు చెట్టు మొదలు దగ్గరే ఉన్నాయి, పైగా పోసేది బోరు నీళ్లు. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. మళ్లీ ఎరువు వేయమన్న షాపాయన సలహా పక్కన పెట్టేశాను.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పిచికారీ చేశాం, వారం తర్వాత మళ్లీ. కొత్త చిగుళ్లు ఆకుపచ్చగా వస్తున్నాయి. బాగా తెల్లబడిన ఆకులు మాత్రం కోలుకోలేదు. ఈ మందు గోడకు, గచ్చుకు తగలనివ్వకండి, తుప్పు మరకలు పోవు. పెళ్లలు ఏరేసి పశువుల ఎరువు వేస్తున్నాం.