‘గుండమ్మ కథ’లో సరోజకి అన్యాయం జరిగిందా?

ప్రశ్న:
మొన్న మా అమ్మాయితో కూర్చుని ‘గుండమ్మ కథ’ (1962) మళ్ళీ చూశాను. అంజిగా రామారావు పిండి రుబ్బుతూ ‘లేచింది మహిళాలోకం’ అందుకోగానే పిల్ల పడీపడీ నవ్వింది. గుండమ్మ సొంత కూతురు సరోజ (జమున) వంతు వచ్చేసరికి ముఖం ముడుచుకుంది. "ఉన్నవాడై ఉండి లేనివాడిలా నటించి, పెళ్ళాం చేత తోటపని చేయించడమేంటమ్మా? సవతి కూతురు లక్ష్మికైతే పని తప్పించారు, ఈవిడకి నెత్తిన పెట్టారు!" అంది. జమునంటే ప్రాణం నాకు, అయినా కాదనలేకపోయాను. మీకెలా అనిపిస్తుంది?

జవాబు 1:
అప్పట్లో పొగరు అణచడమంటే హాలంతా ఈలలేనండీ. ఆ మాటకొస్తే సవతి కూతుర్ని పనిమనిషిని చేసిన గుండమ్మకి పడ్డ శిక్ష ఏపాటిది? గయ్యాళిగా వేసిన ఛాయాదేవి చేతిలో నాలుగు తిట్లు, అంతే.

జవాబు 2:
గుండమ్మగా వేసిన సూర్యకాంతాన్ని ఏమన్నా ఊరుకోను! ఇద్దరు పెద్ద హీరోలున్నా సినిమాకి ఆవిడ పాత్ర పేరే పెట్టారు. టైటిల్స్‌లో నటుల పేర్లు వేయకుండా బొమ్మలే చూపించారు, గమనించారా?

ప్రశ్న అడిగినవారు:
గమనించానండీ. సరోజ సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. పిల్ల ఇప్పుడు ‘మిస్సమ్మ’ పెట్టమంటోంది, దానికేం వంక పెడుతుందో!