చర్చ: హైస్కూలు పిల్లలకు వారానికో ఆరోగ్య పీరియడ్ – కావాలా, వద్దా?

పటమట తండ్రి: మా అమ్మాయి విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి. శనివారం మూడో పీరియడ్‌లో లెక్కల పరీక్ష పెట్టేవారు. ఇప్పుడు అది తీసేసి ‘ఆరోగ్యం, జీవన నైపుణ్యాలు’ అని పెట్టారు. శరీరంలో మార్పులు, కోపం, స్నేహాలు, మత్తుమందులు, ఫోను వాడకం – ఇవన్నీ మాట్లాడతారట. మార్కులు లేవు, పరీక్ష లేదు. వచ్చే ఏడాది పది. మమ్మల్ని ఒక్క మాట అడగకుండా లెక్కల పీరియడ్ ఎలా తీసేస్తారు?

బ్రాడీపేట మాస్టారు: గుంటూరు జిల్లాలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇది ఆ స్కూలు కనిపెట్టినది కాదు బాబూ. 2005లోనే కేంద్రం కౌమార విద్య తెచ్చింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు వద్దని గొడవ చేశాయి. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మళ్లీ వచ్చింది: 11 అంశాలు, సర్కారు బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు మగ, ఒకరు ఆడ, వారానికి ఒక గంట. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఎలాగూ ఉంది. అది రాగానే ‘ఇంట్లో చదువుకోండి’ అని పేజీలు తిప్పేసే వాళ్లను స్టాఫ్‌రూములో ఎంతమందిని చూశానో! పబ్లిక్ పరీక్షలో మాత్రం పిల్లలు బొమ్మ గీసి భాగాలు గుర్తించాలి.

పటమట తండ్రి: మాస్టారూ, నేను చరిత్ర అడగలేదు. లెక్కల పీరియడే ఎందుకు తీశారని అడిగాను.

సత్యనారాయణపురం గృహిణి: లెక్కలే కావాలంటే ఇవి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21: మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత. నేను పెద్దమనిషినైన రోజు బడి నుంచి ఇంటికి పంపేశారు, ఎందుకో చెప్పలేదు. ఇంట్లో మూలన కూర్చోబెట్టారు, వాళ్లూ చెప్పలేదు. ఏదో జబ్బు చేసిందనుకుని ఏడ్చాను. అలా కూర్చోబెట్టిన మా మేనత్త మీద ఆ కోపం ఇప్పటికీ చూపిస్తూనే ఉంటాను.

భవానీపురం: మా వాడి స్కూల్లో ఆ పీరియడ్ ఫిజిక్స్ సారే తీసుకుంటారు. టైంటేబుల్లో పేరు మాత్రం ఆరోగ్యం.

పటమట తండ్రి: రక్తహీనతకు ఇనుము మాత్ర ఇస్తే సరిపోతుంది, సర్కారు బడుల్లో వారానికోసారి ఇస్తున్నారు కదా. దానికి గంట ఉపన్యాసం దేనికి? ఫౌండేషన్ కోర్సుకు విడిగా ఫీజు కట్టాను. శనివారం పరీక్షల వల్లే మా అమ్మాయి బీజగణితంలో కోలుకుంది. అంతగా కావాలంటే ఆదివారం పెట్టమనండి, నేనే దించి వస్తాను.

బ్రాడీపేట మాస్టారు: ఆ నీలం మాత్ర కిటికీలోంచి బయటపడటం నేను కళ్లారా చూశాను. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. అన్నం తిన్నాక వేసుకోవాలని, టీతో వేసుకోకూడదని, మలం నల్లగా వస్తే భయపడనక్కర్లేదని చెప్పేవారుంటేనే మింగుతారు. ఆ చెప్పడానికే పీరియడ్. అసలు మీ బాధ లెక్కల గురించి కాదు. ఆడపిల్లకు ఒంటి సంగతులు చెప్పడం మీకు గిట్టదు, అంతే.

పటమట తండ్రి: పెద్దవారని ఊరుకుంటున్నాను. మా ఇంట్లో శానిటరీ ప్యాడ్లు కొని తెచ్చేది నేనే. నా బాధ ఏమిటో చెప్తే వింటారా? ఆ క్లాసులో ‘మీకు భయం కలిగించేది రాయండి, పేరు అక్కర్లేదు’ అని చీటీలు రాయించారు. టీచరమ్మ చేతిరాత గుర్తుపట్టి నన్ను పిలిపించారు. వచ్చే ఏడాది పదికి హాస్టల్లో వేస్తారన్న భయంతో మా అమ్మాయికి నిద్ర పట్టడం లేదట. ఇంకో ఇద్దరు టీచర్లు పక్కన కూర్చుని వింటూ ఉండగా చెప్పారు. పేరు వద్దని రాయించుకుని పేరు పట్టుకోవడం ఏ నైపుణ్యం? నా ఇంటి మాట నేను స్టాఫ్‌రూములో వినాలా? పిల్లలు ఏం రాసినా ముందు ఇంటికి చెప్పాలని షరతు ఉండాలి.

సత్యనారాయణపురం గృహిణి: ఇంట్లో చెప్పుకోగలిగితే చీటీ మీద ఎందుకు రాస్తుందండీ?

బ్రాడీపేట మాస్టారు: నలుగురిలో చెప్పడం ముమ్మాటికీ తప్పు. కానీ ఆ చీటీలో ఎవరో ఒంటిమీద చేయి వేశారని ఉంటే? 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ చేయి ఇంట్లోవాడిదే అయితే ‘ముందు ఇంటికి చెప్పాలి’ అన్న షరతు ఎవరిని కాపాడుతుంది?

పటమట తండ్రి: అది నేరం. దానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, పోలీసులున్నారు, నేను అడ్డం చెప్పను. నిద్ర పట్టకపోవడం నేరం కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. నిద్ర సంగతి ముందు తెలియాల్సింది నాకు.

సత్యనారాయణపురం గృహిణి: ముందు ఆ పిల్లను అడగాలి, ఎవరికి చెప్పమంటావు తల్లీ అని. మీ ఇద్దరూ ఆమె ఊసే ఎత్తడం లేదు.

బ్రాడీపేట మాస్టారు: ‘ఎవరికీ చెప్పవద్దు’ అంటే ఏం చేస్తావమ్మా? క్లాసు మొదలుపెట్టేటప్పుడే ఏది దాచగలను, ఏది దాచలేను అని పిల్లలకు చెప్పాలి. మా కాలంలో ఎవరూ చెప్పలేదు, ఇప్పుడూ చెబుతున్నట్టు లేదు.

భవానీపురం: ఇంతకీ అమ్మాయిని హాస్టల్లో వేస్తున్నారా?

పటమట తండ్రి: సీటుకు అడ్వాన్సు కట్టేశాను. అది వేరే చర్చ.