కొలరాడో మాజీ గవర్నర్ రాల్ఫ్ కార్ గురించి తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మేం డెన్వర్‌లో ఉంటున్నాం. ఇక్కడి తెలుగు పిల్లలకు రాల్ఫ్ కార్ గురించి ఓ అరగంట చెప్పాలనుకుంటున్నాను. ఆయన 1939 నుంచి 1943 వరకు కొలరాడో గవర్నర్, రిపబ్లికన్.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో అమెరికా పోరాడుతున్నప్పుడు, 1942లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపనీస్ అమెరికన్లను ఇళ్లూ పొలాలూ వదిలించి నిర్బంధ శిబిరాలకు తరలించింది. వాళ్లలో ఎక్కువమంది అక్కడే పుట్టిన పౌరులు. మా రాష్ట్రానికి రావొద్దని చాలామంది గవర్నర్లు అంటుంటే, కార్ మాత్రం రానివ్వండి అన్నారు. పౌరులను విచారణ లేకుండా నిర్బంధించడం రాజ్యాంగానికి విరుద్ధమని సభల్లో జనం ముఖం మీదే చెప్పారు. అదే ఏడాది సెనేట్ ఎన్నికల్లో స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1950లో మళ్లీ గవర్నర్ పదవికి పోటీ చేస్తూ, పోలింగ్‌కు ముందే చనిపోయారు. ఇప్పుడు డెన్వర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఉన్న భవనానికి ఆయన పేరే ఉంది.

నాకు ఇబ్బందిగా ఉన్నది ఒక్కటే. కొలరాడోలోనే గ్రనాడా అనే ఊరి దగ్గర అలాంటి శిబిరం ఒకటి, అమాచీ, ఆయన హయాంలోనే మొదలైంది. అందులో 7,000 మందికి పైగా ఉన్నారు. దాన్ని ఆపే అధికారం ఆయనకు లేదు, నిజమే. కానీ ఈ విషయం దాటేసి ఆయన్ను పొగిడితే పిల్లలకు సగమే చెప్పినట్టవుతుంది. పదేళ్ల పిల్లలకు ఇది ఎలా చెప్పాలి? ఆయన ఉత్తరాలు, ప్రసంగాల అసలు ప్రతులు చూడాలంటే ఎవరిని అడగాలి? అమాచీకి పిల్లలతో వెళ్లినవాళ్లుంటే, అక్కడ ముందుగా ఏం చూపించాలో కూడా చెప్పండి.