సదరం క్యూలో నిలబడటం మానసిక ఆరోగ్య సేవేనా?

కొత్తపేట అమ్మాయి (గుంటూరు): ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) అయ్యాక, బస్తీల్లో మానసిక ఆరోగ్యం మీద పనిచేయాలని ఓ సంస్థలో చేరాను. కౌన్సెలింగ్ చేస్తాననుకుంటే, పొద్దస్తమానం సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువపత్రం ఇచ్చే పరీక్ష) స్లాట్ బుక్ చేయించడం, ఆధార్‌లో పేరు సరిచేయించడం, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించడమే. ఇదీ ఒక కెరీరేనా?

బెంజి సర్కిల్: కాదు. ఉన్నమాట చెప్తే కోపం తెచ్చుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎం.ఎస్.డబ్ల్యూ. పైన రెండేళ్ల ఎం.ఫిల్. ఉండాలి. అది లేనివాళ్లని వాలంటీర్లలాగే చూస్తారు, జీతమూ అలాగే ఇస్తారు. పైగా మీరు వెళ్లి నిలబడుతున్నన్నాళ్లూ ఆ క్యూ తగ్గించాలని ప్రభుత్వానికెందుకు తోస్తుంది?

సింగ్‌నగర్ పాతకాపు: జీతం మాట నిజమే సార్, కాదనను. మిగతాది ఒప్పుకోను. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదని తేలింది. వాళ్లంతా మాత్రలు వద్దన్నవాళ్లా?

మా పేటలో ఒకతను, లారీ క్లీనర్, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వరద ఇళ్లలోకి వచ్చినప్పుడు మందుల చీటీ, పాత ఫైలు అన్నీ బురదపాలయ్యాయి. మళ్లీ మొదట్నుంచీ చూపించుకోవాలన్నారు. వాళ్లమ్మ అపార్ట్‌మెంట్లలో పాచిపని చేస్తుంది, ఒక పూట మానితే ఆ డబ్బులు పోయినట్టే. మాత్రలు ఆగిపోయాయి. రాత్రిళ్లు నిద్ర లేదు, గోడవైపు తిరిగి తిట్లు, పక్కింటివాళ్లతో రోజూ గొడవ. ఆ ఇంట్లో కూర్చుని ఏం కౌన్సెలింగ్ చేయమంటారు? ముందు ఫైలు కట్టించాం. సదరంలో వైకల్యం 40 శాతం దాటింది, 6,000 పింఛను మొదలైంది. ఆసుపత్రికి ఆటో ఖర్చు, ఆవిడ పోగొట్టుకునే పూట కూలి అందులోంచే. ఇప్పుడు మాత్ర మానట్లేదు. అదే జబ్బు లబ్బీపేటలో ఎవరికైనా వస్తే కారెక్కి ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఈ తిప్పలేవీ ఉండవు. మన పనంతా ఆ తేడా దగ్గరే ఉందమ్మాయ్.

ఏఎన్‌ఎం, తెనాలి రోడ్డు: మేం బీపీ, షుగర్ చూడ్డానికి వెళ్తే, లోపల గదికి గొళ్లెం పెట్టి ఉంటుంది. ఎవరని అడిగితే మాట దాటేస్తారు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 రాసిచ్చి వస్తాం. ఫోన్ చేయరు, నలుగురికీ తెలుస్తుందని టెన్షన్. తర్వాత ఆ గుమ్మం తొక్కడానికి ఇలాంటి పిల్లలే కావాలి.

బెంజి సర్కిల్: బాగుంది, కానీ రేపు సంస్థకి ఫండ్ ఆగిపోతే? ఆ క్లీనర్‌కి పింఛనుంటుంది, ఈ అమ్మాయికి ఉద్యోగం ఉండదు. సమానత్వం గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలిగా.

సింగ్‌నగర్ పాతకాపు: ఆ పాయింటు ఒప్పుకుంటా. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది, ఆ బృందంలో సోషల్ వర్కర్‌కి చోటూ ఉంది. ఆ పోస్టులు పెంచి, పర్మినెంట్ చేయమని అర్జీ రాద్దాం, మీరూ సంతకం పెట్టండి. ఈలోపు స్లాట్ వచ్చినవాళ్ల వెంట ఎవరో ఒకరు వెళ్లాలిగా.